ఒకే సర్వర్‌లో రెండు పీహెచ్‌పీలు – నాలుగో పాఠం: ఏ సైటుకు ఏ వెర్షన్?

పోయిన పాఠంలో అపాచీ అనే వెబ్ సర్వర్‌లో రెండు సైట్లకు రెండు వర్చువల్ హోస్టులు, అంటే ఒక్కో సైటుకు విడి సెట్టింగులు, రాసుకున్నాం. సైట్ల కోడ్ రాసే భాష పీహెచ్‌పీ. ఈసారి ఏ సైటు దాని ఏ వెర్షన్‌తో నడవాలో మనమే చెబుదాం.

అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి లెక్కల సైటు నేను చూసేవాణ్ణి. సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను డెబియన్ 11 నుంచి 12కు మార్చిన రాత్రి ఆ సైటు తెల్ల పేజీ అయిపోయింది. లాగ్ తెరిస్తే, ఈచ్ అనే ఫంక్షన్ లేదంటోంది. డెబియన్ 11లో పీహెచ్‌పీ 7.4, 12లో 8.2. ఆ ఫంక్షన్‌ను 8.0లోనే తీసేశారు. ఓండ్రే సూరీ నడిపే పీహెచ్‌పీ ప్యాకేజీల రిపాజిటరీ నుంచి 7.4 మళ్లీ వేసి, వెర్షన్ ఎంచుకునే అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ అనే కమాండ్‌తో దాన్నే ఎంచుకున్నాను. టెర్మినల్‌లో వెర్షన్ అడిగితే 7.4 అంటోంది. సైటు మాత్రం కదల్లేదు. తెల్లారితే లారీలు వస్తాయి, బిల్లులు కొట్టాలి. ఆ టెన్షన్‌లో రెండు గంటలు తప్పు చోట వెతికాను.

మీకు ఆ రెండు గంటలు పోకూడదు. టెర్మినల్‌లో పలికే పీహెచ్‌పీ వేరు, అపాచీ వాడే పీహెచ్‌పీ వేరు. ఆ కమాండ్ మార్చేది మొదటిదాన్నే.

రెండోదాన్ని పట్టుకోవాలంటే అది ఎక్కడ ఉంటుందో తెలియాలి. మాడ్ పీహెచ్‌పీ అనే పాత పద్ధతిలో పీహెచ్‌పీ అపాచీ కడుపులోనే ఉంటుంది. కాబట్టి ఆ అపాచీ కింద ఉన్న సైట్లన్నిటికీ ఒకటే వెర్షన్. ఎఫ్‌పీఎం అనే కొత్త పద్ధతి అలా కాదు. ఒక్కో వెర్షన్ బయట విడిగా నడుస్తూ, తన సాకెట్ (అపాచీ దానితో మాట్లాడే ఫైలు) దగ్గర కాచుకుని ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ఆగిన గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు వేరువేరు కాలువల్లో వెళ్తుంది కదా. మన చేనికి నీళ్లు ఏ కాలువవో బోదె మొదట్లో ఉన్న తూము చెబుతుంది. ఇక్కడ ఆ తూము సెట్‌హ్యాండ్లర్ అనే ఒక్క వరుస.

7.4, 8.2 రెండింటి ఎఫ్‌పీఎం ప్యాకేజీలూ వేయండి. మైఎస్‌క్యూఎల్ లాంటి ఎక్స్‌టెన్షన్లు ఏ వెర్షన్‌కు ఆ వెర్షన్‌వే వేయాలి, ఇది చాలామంది మరిచిపోతారు. అపాచీ ఎఫ్‌పీఎంతో మాట్లాడేందుకు ప్రాక్సీ ఎఫ్‌సీజీఐ మాడ్యూల్ తెరిచి, మాడ్ పీహెచ్‌పీ ఉంటే ఆపేయండి. పాత సైటు వర్చువల్ హోస్ట్‌లో, డాట్ పీహెచ్‌పీతో ముగిసే ఫైళ్లకు ఫైల్స్‌మ్యాచ్ అనే ఒక బ్లాక్ పెట్టి, అందులో సెట్‌హ్యాండ్లర్ రాయండి. దాని విలువ ఇలా ఉంటుంది: ప్రాక్సీ కోలన్ యూనిక్స్ కోలన్, 7.4 సాకెట్ దారి, నిలువు గీత, ఎఫ్‌సీజీఐ కోలన్ రెండు స్లాష్‌లు లోకల్‌హోస్ట్. మొత్తం కొటేషన్లలో ఉండాలి. ఈ పద్ధతికి అపాచీ 2.4.10 గానీ ఆ తర్వాతది గానీ కావాలి. కొత్త సైటులోనూ ఇదే వరుస, సాకెట్ మాత్రం 8.2ది. కాన్ఫిగ్ టెస్ట్ చేసి, తప్పు లేదంటేనే రీలోడ్ చేయండి.

బ్రౌజర్‌లో 503 ఎర్రర్ వస్తే ఆ వెర్షన్ ఎఫ్‌పీఎం ఆగిపోయిందో, సాకెట్ దారి తప్పుగా పడిందో చూడండి. పేజీకి బదులు మీరు రాసిన కోడే బ్రౌజర్‌లో కనిపిస్తే వెంటనే సైటు ఆపండి. హ్యాండ్లర్ తగల్లేదని అర్థం, డేటాబేస్ పాస్‌వర్డ్ ఎవరి కంటైనా పడొచ్చు.

సరిచూసుకోవడానికి ప్రతి సైటులో పీహెచ్‌పీ ఇన్ఫో ఫైలు ఒకటి పెట్టి బ్రౌజర్‌లో తెరవండి. సర్వర్ ఏపీఐ ఎదురుగా ఎఫ్‌పీఎం అని ఉండాలి. పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైళ్లలో దేన్ని చదివిందో కూడా అక్కడే ఉంటుంది, మార్పులు ఆ ఫైల్లోనే చేయాలి. చూడగానే ఆ ఇన్ఫో ఫైలును తీసేయండి. వేళకు వాటంతటవే నడిచే క్రాన్ పనులు మాత్రం టెర్మినల్ పీహెచ్‌పీతో నడుస్తాయి కాబట్టి, వాటిలో వెర్షన్‌తో సహా పూర్తి దారి రాయండి.

7.4కు భద్రతా సవరణలు 2022 నవంబరుతో ఆగిపోయాయి. దాన్ని కోడ్ సరిచేసుకునే దాకానే ఉంచుకోండి. వచ్చే పాఠంలో ఆ పాత లెక్కల కోడ్‌లోని ఈచ్‌లను ఫోరీచ్‌గా మారుద్దాం. ఈలోగా మీ రెండు సైట్లలో ఇన్ఫో పేజీ చూపించిన వెర్షన్లు కాగితం మీద రాసి పెట్టుకోండి.