నడక ఒకటి, పని ఇంకొకటి: డౌన్ సిండ్రోమ్ పిల్లలకు డ్యూయల్ టాస్క్ శిక్షణ

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు చాలామంది రెండేళ్ళకు అటూ ఇటూగా నడక మొదలుపెడతారు. ఆరేడేళ్ళు వచ్చేసరికి ఇల్లంతా తిరుగుతారు. అయినా చేతికి మంచినీళ్ళ గ్లాసిచ్చి తాతయ్యకు ఇచ్చి రమ్మంటే అడుగులు తడబడతాయి. నడుస్తుండగా పేరు పెట్టి పిలిస్తే, ఆగాక గానీ పలకరు. కండరాల బిగువు తక్కువ, కీళ్ళను పట్టి ఉంచే లిగమెంట్లు వదులు, కదలికల పొందికను చూసుకునే చిన్నమెదడు పరిమాణం కూడా కొంత తక్కువ. అందుకని మనకు ధ్యాస పెట్టకుండానే సాగిపోయే నడక వీళ్ళకు ధ్యాసంతా లాగేస్తుంది. రెండో పనికి మిగిలేది కొంచెమే.

డ్యూయల్ టాస్క్ శిక్షణ పట్టుకునేది సరిగ్గా ఇక్కడే. నడకతోపాటు చేతికి ఒక పని గానీ, బుర్రకు ఒక పని గానీ జత చేస్తాం. సొంతంగా నడుస్తూ, ఒక్క ముక్కలో చెప్పిన మాట అర్థం చేసుకోగల పిల్లలకే ఇది. ఇంకా పట్టుకుని నడిచే పిల్లలకు ముందు నడకే కుదరాలి, తొందరపడి లాభం లేదు.

మొదలుపెట్టే ముందు

మెడ సంగతి మొదట చూడాలి. వెన్నెముకలో పైనున్న రెండు పూసల మధ్య కీలు ఈ పిల్లల్లో కొందరికి వదులుగా ఉంటుంది. దాన్ని అట్లాంటోయాక్సియల్ ఇన్‌స్టెబిలిటీ అంటారు. మెడ నొప్పి, తల ఒక పక్కకు వాల్చి ఉంచడం, బాగా నడిచే పిల్లల నడక ఉన్నట్టుండి చెడటం, చేతిలో పట్టు తగ్గడం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ రావడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వ్యాయామం ఆపి అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఎప్పుడో తీసిన ఎక్స్‌రే బాగుందన్న ధీమాతో కొనసాగించకూడదు. లక్షణాలు లేకపోయినా పిల్లిమొగ్గలు, శీర్షాసనం, ట్రాంపొలిన్ మీద గెంతడం ఈ శిక్షణలో పెట్టొద్దు.

గుండె రెండోది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఆపరేషన్ అయినా కాకపోయినా కార్డియాలజిస్టు సరేనన్నాకే మొదలుపెట్టండి. వీళ్ళకు శ్రమలో గుండె వేగం మిగతా పిల్లలంత పెరగదు కాబట్టి వయసును బట్టి లెక్కగట్టే నాడి అంకెలు పనికిరావు. పెదవుల రంగు, ఆయాసం, చల్లని చెమట, మాట తెగిపోవడం చూస్తే చాలు.

చెవి, కన్ను, థైరాయిడ్ పరీక్షలు కూడా ఈమధ్య చేసినవై ఉండాలి. చెవిలో నీరు చేరడం ఈ పిల్లల్లో మామూలు. మీరు వెనకనుంచి చెప్పింది వినపడక ఊరుకుంటే, బుర్రకెక్కలేదని రాసుకుంటాం. ఏ సూచన అయినా ఎదురుగా నిలబడి ఇవ్వాలనడానికి ఇదీ ఒక కారణం.

కొలత

నేల మీద 6 మీటర్ల దారి టేపుతో గుర్తుపెట్టండి. ముందొక మీటరు, చివరొక మీటరు అదనంగా వదలండి, లేకపోతే బయల్దేరడం, ఆగడం కూడా లెక్కలోకి వస్తాయి. ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. ఉట్టి నడక మూడుసార్లు కొలిచి సగటు తీయండి. తర్వాత కూర్చోబెట్టి రెండో పని ఒక్కటే చేయించండి. ఉదాహరణకు పది సెకన్లలో ఎన్ని బొమ్మలు గుర్తుపట్టారో చూడండి. ఆఖరున రెండూ కలిపి కొలవండి.

ఉట్టి నడకకు 10 సెకన్లు, గ్లాసుతో 13 సెకన్లు పట్టిందనుకుందాం. 13 లోంచి 10 తీసి, 10తో భాగించి, 100తో గుణిస్తే 30 శాతం. దీన్ని డ్యూయల్ టాస్క్ కాస్ట్ అంటారు. బొమ్మల లెక్కా ఇలాగే తీయాలి: కూర్చుని 8, నడుస్తూ 5 అయితే తగ్గింది 37.5 శాతం. రెండు అంకెలూ పక్కపక్కన రాయకపోతే మోసపోతాం. నడక ఏమాత్రం తగ్గలేదని సంతోషిస్తాం గానీ, ఆ పిల్లలు బొమ్మల్ని వదిలేసి కాళ్ళను కాపాడుకుని ఉంటారు. అది తెలివైన పనే, తిట్టే పని కాదు. మన పని కష్టమైందని దానర్థం.

నడక సమయం సగానికి మించి పెరిగితే ఆ జత ఇంకా బరువని మా లెక్క. అసలేమీ మారకపోతే తేలికైపోయింది.

పని ఎంచుకోవడం

రెండు పనులూ విడివిడిగా వచ్చినవే అయి ఉండాలి. కూర్చుని రంగులు చెప్పలేని బిడ్డను నడుస్తూ చెప్పమంటే అది డ్యూయల్ టాస్క్ కాదు, కొత్త పాఠం. అలాగే కష్టం పెంచేటప్పుడు ఒక పక్కే పెంచాలి: గ్లాసులో నీళ్ళు పెంచిన రోజు దారి పాతదే, దారి ఇరుకు చేసిన రోజు గ్లాసు పాతదే.

చేతి పనితో మొదలుపెట్టడం నయం. మొదట ఖాళీ స్టీలు గ్లాసు, తర్వాత పావు వంతు బియ్యం. నీళ్ళకు ముందు బియ్యం ఎందుకంటే, ఒలికితే నేల తడవదు, ఎంత ఒలికిందో లెక్కా తెలుస్తుంది. నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలైతే మూత ఉన్న డబ్బా వాడండి. ఒలికిన బియ్యం ఊడ్చాకే మళ్ళీ నడిపించండి. ఆ తర్వాత సగం గ్లాసు నీళ్ళు, ముప్పావు గ్లాసు. అది కుదిరాక రెండు చేతులతో పళ్ళెం, పళ్ళెంలో టెన్నిస్ బంతి. అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెంతో మొదలుపెట్టి, అంచు తక్కువ ఉన్నదానికి మార్చండి.

బుర్ర పని చూపుతో ముడిపడితే మంచిది. విని గుర్తుంచుకోవడం ఈ పిల్లలకు కష్టం, చూసి గుర్తుంచుకోవడం దానికంటే మెరుగు. అందుకే "రెండు పండ్లు, ఒక జంతువు పేరు చెబుతూ నడువు" లాంటి పొడుగు మాటలు పనికిరావు. దారి చివర గోడ మీద, బిడ్డ కంటి ఎత్తులో నాలుగు బొమ్మలు అంటించండి: అరటిపండు, బస్సు, పిల్లి, బంతి. నడుస్తుండగా పేరు చెప్పించండి. చూపు పైకి లేచి, నేలకు వంగిన తల కూడా నిలబడుతుంది. ఎర్ర కార్డుకు ఆగడం, పచ్చ కార్డుకు నడవడం ఇంకో మెట్టు. వెనక్కి లెక్కపెట్టడం పెద్దవాళ్ళ పరీక్షల్లోంచి వచ్చింది, ఇక్కడ పెట్టకండి.

ఒక చిక్కుంది. మాట స్పష్టంగా రాని బిడ్డకు ఆలోచన కంటే పలకడమే శ్రమ. అడుగు ఆగితే అది పలకడం వల్లనా, ఆలోచన వల్లనా తెలియదు. చేత్తో చూపించమని ఒకరోజు, నోటితో చెప్పమని ఒకరోజు పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

సూచన రెండు మాటలకు మించొద్దు. "నాన్నా, గ్లాసు... పద" అని చెప్పి మీరే ఒకసారి నడిచి చూపించండి. తర్వాత ఐదు నుంచి పది సెకన్లు ఊరుకోండి. ఇక్కడే అందరూ తప్పుతారు: మూడో సెకనుకే మళ్ళీ చెబుతారు, బిడ్డ మొదటినుంచి వినడం మొదలుపెడుతుంది.

సెషన్

వారానికి మూడు రోజులు, ముప్పై నుంచి నలభై నిమిషాలు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. మొదటి ఐదు నిమిషాలు కదలిక, తర్వాత పది నిమిషాలు విడివిడి పనులు, ఆపైన పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు జత పనులు, మిగిలింది ఆట. జత పనిలో ఒక్కోదానికి ఐదారు నడకలు చాలు, మధ్యలో కూర్చోనివ్వాలి. టైల్స్ మీద సాక్సులతో వద్దు. ఒట్టి కాళ్ళతోనైనా, మడమ గట్టిగా పట్టే బూట్లతోనైనా సరే. బూట్లలో పెట్టుకోమని డాక్టరు ఇన్సోల్ (పాదం కింద మెత్త) రాసి ఉంటే కొలత ఎప్పుడూ దానితోనే.

మీరు బిడ్డకు కొంచెం వెనగ్గా, పక్కగా నడవాలి, చెయ్యి నడుము దగ్గర తగలకుండా సిద్ధంగా ఉండాలి. భుజం పట్టుకుంటే బరువు మీ మీద వేసేస్తారు, ఆ నడక లెక్కకు రాదు.

నడక కుదిరాక దారి మార్చండి. రెండు గీతల మధ్య దూరం 20 సెంటీమీటర్ల నుంచి 15కు, ఆపైన ఒకే గీత. అడ్డంగా దాటడానికి చుట్టిన తువ్వాలు పెట్టండి, తగిలితే అది జరుగుతుంది, బిడ్డ పడదు. చెక్కముక్కో ఇటుకో పెడితే కథ వేరు. నిలబడి చేసేవాటికి మడతపెట్టిన యోగా మ్యాట్ మీద నిలబెట్టి, బట్టల క్లిప్పులు రంగుల వారీగా తాడుకు పెట్టించండి.

ఏం చెడుతుందంటే

పళ్ళెం పొట్టకు ఆనించుకుంటే బంతి కదలదు, పని తేలికైపోతుంది. మోచేతులు నడుముకు ఒక బెత్తెడు దూరంగా ఉండాలి. అలసటతో ఆనిస్తున్నారా, తప్పించుకోవడానికా అన్నది మొదటి నడకలో, ఆఖరి నడకలో పోల్చి చూడండి.

మోకాళ్ళు వెనక్కి విరిగినట్టు బిగించి నిలబడితే కండరం పనిచేయడం లేదని, లిగమెంట్ల మీద వేలాడుతున్నారని అర్థం. జత పని ఆపి, కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు చేయించి మళ్ళీ రండి.

పరుగు అందుకుంటే అది ఉత్సాహం కాకపోవచ్చు. నెమ్మదిగా నడిస్తే ఒంటికాలి మీద నిలబడాల్సిన సమయం పెరుగుతుంది, దాన్నే తప్పించుకుంటున్నారు. చప్పట్లతోనో, వచ్చిన పాటతోనో తాళం ఇచ్చి వేగం తగ్గించండి. ఆ తాళం కూడా మూడో పనేనని మరచిపోవద్దు, బుర్ర పనితో కలిపి వాడొద్దు.

నేల మీద కూలబడితే మొండితనం అనేస్తాం. చాలాసార్లు అది "కష్టంగా ఉంది" అనడమే. ఒక మెట్టు కిందికి దిగి, చేయగలిగిన దానితో ఆ రోజు ముగించండి.

ఇల్లు, బడి

వారానికి మూడు సెషన్లతోనే పని అయిపోదు. వడ్డించేటప్పుడు గ్లాసులు తెచ్చి పెట్టడం, ఆరిన బట్టలు అమ్మమ్మ గదికి చేర్చడం, బడిలో నోటుపుస్తకాలు టీచరు బల్ల దగ్గరికి తీసుకెళ్ళడం రోజూ ఉండాలి. వేడి అన్నం గిన్నె, టీ మాత్రం ఇవ్వొద్దు.

దగ్గర్లో ఫిజియోథెరపిస్టు లేకపోతే జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డీఈఐసీ కేంద్రంలో అడగండి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) అనే పిల్లల ఆరోగ్య పథకంలో డౌన్ సిండ్రోమ్ ఉంది, 18 ఏళ్ళ లోపు పిల్లలకు సేవలు ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళ కోసం నడిచే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో కూడా చూస్తారు.

ఎనిమిది వారాలయ్యాక మొదటి రోజు కొలిచిన దారి మీదే, అదే గ్లాసుతో, అవే బూట్లతో మళ్ళీ కొలవండి. రెండు వారాలు సెషన్లు ఆపి ఇంకోసారి కొలవండి. అప్పటికీ అంకె నిలబడితే మెట్ల దగ్గరికి వెళ్ళొచ్చు: ఒక చెయ్యి రెయిలింగు మీద, రెండో చేతిలో చిన్న సంచి, మీరు ఎప్పుడూ బిడ్డకు ఒక మెట్టు కింద.