4జీ, 5జీ యాంటెన్నా కొనేముందు ఒకసారి డాబా ఎక్కి చూడండి

ఇంట్లో ఒక గీత, డాబా ఎక్కితే మూడు గీతలు, ఇలా ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా. మాది అమలాపురం పక్కన పల్లెటూరు, చుట్టూ కొబ్బరి తోటలు, ఫైబర్ అడిగితే మీ వీధిలోకి ఇంకా రాలేదండి అంటారు, అందుకే సిమ్ వేసే రౌటర్ మీదే బండి నడుస్తోంది. ఒక యాంటెన్నా కొని తగిలిస్తే అయిపోద్ది అనుకుని నేను కొంత డబ్బు తగలేశా, ఆ సంగతి కిందకి వస్తుంది.

ముందు గీతలు చూడ్డం మానేయండి, ఒక్కో ఫోన్ ఒక్కోలా గీస్తుంది. ఆండ్రాయిడ్‌లో *#*#4636#*#* కొట్టండి, ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కండి, ఆండ్రాయిడ్‌లో అది ఓపెన్ కాకపోతే నెట్‌మాన్‌స్టర్ లాంటి యాప్ వేసుకోండి. రౌటర్ ఉంటే దాని సెట్టింగ్స్ పేజీలోనే ఉంటాయి. చూడాల్సినవి రెండే. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే టవర్ నుంచి ఎంత బలంగా వస్తోంది అని, -80 దగ్గరుంటే బ్రహ్మాండం, -100 అయితే నడిచిపోద్ది, -115 దాటితే ఇక దండం పెట్టాల్సిందే. ఎస్‌ఐఎన్‌ఆర్ అంటే గోల మధ్యలో మన సిగ్నల్ ఎంత తేటగా వినపడుతోంది అని, 20 పైన ఉంటే సూపర్, 5 కిందకి పడితే పెళ్ళి బ్యాండు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టే, ఎదుటోళ్ళు ఎంత అరిచినా లాభం లేదు. చాలామంది మొదటి నంబర్ చూసి ఆగిపోతారు, నన్నడిగితే స్పీడ్ తేలేది రెండోదాంట్లోనే.

తర్వాత ఏ బ్యాండ్ మీద, అంటే ఎన్ని మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మీద ఉన్నారో చూడండి. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అల పొడవు మీటర్లలో వచ్చేస్తుంది. 700 అయితే దాదాపు 43 సెంటీమీటర్లు, 2300 అయితే 13, మన దగ్గర 5జీ ఎక్కువగా నడిచే 3500 చుట్టుపక్కల అయితే 8.6. యాంటెన్నాలో పుల్ల సుమారు ఇందులో సగం ఉంటుంది, అంటే 5జీ పుల్ల మీ చిటికెన వేలు కంటే చిన్నది. పెద్ద అల గోడలు, చెట్లు కాస్త దాటుకుని వస్తుంది, చిన్న అల స్లాబు దగ్గరే, తడిసిన కొబ్బరాకు దగ్గరే చతికిలపడిపోతుంది. కానీ 3500లో జియో, ఎయిర్‌టెల్‌లకి 100 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉంది, 700లో జియోకి ఉన్నది 10, స్పీడ్ అక్కడ ఎందుకొస్తుందో అర్థమైంది కదా.

ఇప్పుడు కొనకుండానే చేసే పని. రౌటర్‌ని, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ని డాబా మీదకి మోసుకెళ్ళి నాలుగు మూలలా, వాటర్ ట్యాంక్ పక్కన, పిట్టగోడ మీద పెట్టి ఒక్కోచోట రెండు నిమిషాలు ఆగి నంబర్లు కాగితం మీద రాసుకోండి, రాత్రి తొమ్మిదికి ఊరంతా వీడియోలు చూసే టైంలో ఇంకోసారి రాయండి. మాకు హాల్లో -112 ఉంది, ట్యాంక్ పక్కన తూర్పు మూలకి జరిపితే -97, రూపాయి ఖర్చు లేదు.

ఇక నా తెలివితక్కువ పని. ఆన్‌లైన్‌లో 12 డీబీఐ (సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో చెప్పే లెక్క) అని రాసున్న యాగీ, అంటే పాత టీవీ యాంటెన్నాలా వరసగా పుల్లలుండేది ఒకటి, దాంతోపాటే ఇచ్చిన 15 మీటర్ల సన్న నల్ల కేబుల్ తెప్పించా. పైపుకి బిగించి, కిటికీలోంచి కేబుల్ లాగి కనెక్ట్ చేస్తే సిగ్నల్ ముందున్నదానికంటే తగ్గింది. ఆ ఆర్‌జీ58 కేబుల్ 2300 దగ్గర మీటరుకి ఇంచుమించు ఒక డీబీ (అదే లెక్కలో) సిగ్నల్ తినేస్తుంది, పైన సంపాదించింది 12, దారిలో పోయింది 15. లావుగా ఉండే ఎల్‌ఎంఆర్400 రకం అయితే మీటరుకి పావు డీబీ లోపే పోతుంది, కాకపోతే ఖరీదు, వంగదు. డిష్ కేబుల్ మిగిలింది కదా అని వాడకండి, అది 75 ఓమ్స్, ఇది 50.

ఇంకో తిరకాసు కనెక్టర్. వైఫై యాంటెన్నాలది ఆర్‌పీ-ఎస్‌ఎంఏ, సిమ్ యాంటెన్నాలది మామూలు ఎస్‌ఎంఏ, మరలు రెండిటికీ చక్కగా తిరుగుతాయి, లోపల సూది మాత్రం సూదికి ఎదురొస్తుంది, లేదా రెండువైపులా కన్నమే ఉంటుంది. బిగించేముందు లోపలికి తొంగిచూడండి. రౌటర్‌కి రెండు యాంటెన్నా పోర్టులుంటే రెండు కేబుళ్ళూ పెట్టాలి, ఒక యాంటెన్నా ఒక పక్కకి 45 డిగ్రీలు, రెండోది అటు పక్కకి 45, ఎదురుగా చూస్తే ఇంటూ మార్కులా ఉండాలి. ఒకే పెట్టెలో రెండు యాంటెన్నాలూ ఉన్న ప్యానెల్ అయితే ఈ గొడవ లేదు, యాగీ కంటే నేను అదే కొనమంటా.

అసలైతే ఈ కేబుల్ గోలే వద్దు. రేడియోనే పైకి పంపండి, అంటే ఔట్‌డోర్ రౌటర్ పైన పెట్టి కిందకి లాన్ కేబుల్ దింపండి, కరెంటు కూడా అందులోనే వెళ్తుంది, 100 మీటర్ల దాకా సిగ్నల్ నష్టం బెంగ ఉండదు. ఎయిర్‌ఫైబర్ (వైర్ లేకుండా 5జీ మీద ఇచ్చే ఇంటి నెట్) వాళ్ళు డాబా మీద పెట్టే డబ్బా చేసేది ఇదే.

టవర్ సిగ్నల్‌ని పెంచి మళ్ళీ వదిలే బూస్టర్ జోలికి పోకండి, లైసెన్స్ లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం, పైగా చుట్టుపక్కల అందరి సిగ్నల్ పాడు చేస్తుంది. పైపుకి ఎర్తింగ్ ఇవ్వండి, కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట కిందకి ఒక వంపు వదలండి, లేకపోతే వాననీళ్ళు దాని వెంటే లోపలికి దిగుతాయి.

మాకిప్పుడు పైన -92 ఉంటోంది, ముసురు పట్టిన రోజు ఆకులు తడిసి ఇంకో నాలుగైదు పడుతుంది, మొన్న ఎదురుగా వేలాడే మట్టలు రెండు కొట్టించాక అదీ కాస్త తగ్గింది.