మడమకు పీఆర్‌పీ వేయించుకుంటున్నారా? ఆ నొప్పి మాత్ర ముట్టకండి

అమెరికాలోని న్యూ మెక్సికోలో, లైసెన్సు లేని ఒక స్పాలో ముఖానికి పీఆర్‌పీ (సొంత రక్తంలోంచి తీసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ద్రవం) చేయించుకున్న మహిళలకు హెచ్‌ఐవీ సోకిందని 2024 ఏప్రిల్‌లో అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ నివేదిక వచ్చింది. ఆ స్పా వంటగది ఫ్రిజ్‌లో తినే వాటి పక్కనే పేరు రాయని రక్తం ట్యూబులు దొరికాయి. మడమకు చేసేదీ అదే పని: మీ రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు వేరుచేసి మీకే ఎక్కిస్తారు. కాబట్టి ట్యూబు మీద పేరు మీ ఎదుటే రాయించండి. కిట్టు సీలు మీ కళ్లముందే విప్పాలి.

మడమ నొప్పివాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం ఇంటికొచ్చాక, ఆ రాత్రి వేసుకునే నొప్పి మాత్ర దగ్గర.

మడమ నొప్పికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వాపును అణుస్తుంది, హాయిగా ఉంటుంది. పదేపదే వేయిస్తే మడమ నుంచి వేళ్లదాకా ఉండే అరికాలి పట్టీ తెగొచ్చు, మడమ కింది కొవ్వు మెత్త కరగొచ్చు. పీఆర్‌పీ తీరు వేరు. కాస్త వాపును రేపి, దాంతోనే గాయాన్ని మాన్పించాలని చూస్తుంది. అందుకే మూడు నాలుగు రోజులు, కొందరికి వారం, మునుపటికన్నా ఎక్కువ సలుపుతుంది. తట్టుకోలేక డైక్లోఫెనాకో ఐబుప్రోఫెనో వేసుకుంటే ఆ వాపునే ఆపేస్తారు, వేయించుకున్న ఇంజెక్షన్ వృథా కావొచ్చు. జీరోడాల్-పీ, కాంబిఫ్లామ్‌లలో పారాసిటమాల్ ఉంది కదా అని మోసపోకండి, వాటిలో ఈ కోవ మందులూ ఉన్నాయి. ఒట్టి పారాసిటమాల్ 650 చాలు, ఆరేసి గంటల ఎడంతో. లివర్ జబ్బుంటే డాక్టర్నడిగి.

ఇంజెక్షన్‌కు ముందు వారం రోజులు, తర్వాత కనీసం రెండు వారాలు ఈ కోవ నొప్పి మాత్రలు బంద్. డైక్లోఫెనాక్ జెల్ కూడా రాయొద్దు.

గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టరే చెప్పాలి.

ఈమధ్యే డెంగ్యూ వచ్చిందా? ముందు ప్లేట్‌లెట్ కౌంట్ చూపించుకోండి.

గత మూడు నెలల్లో స్టెరాయిడ్ వేయించుకుంటే దాచకండి.

అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి.

పీఆర్‌పీ బదులు మూలకణాలు (స్టెమ్ సెల్స్), బొడ్డుతాడు రక్తం ఎక్కిస్తామంటే లేచి వచ్చేయండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి వాటికి మూలకణాలు ప్రయోగ దశలోనివే.

రెండు మూడు రోజులు మడమ మీద బరువు వేయొద్దు. ఇంట్లో గ్రానైట్ మీద ఉత్తకాళ్లతో తిరగొద్దు. డాక్టర్ సరేననేదాకా పరుగు, గెంతులు వద్దు.

జ్వరం, ఎర్రగా పాకే వాపు, చీము ఉంటే అదే రోజు ఆసుపత్రికి. అరికాలిలో టక్కుమని చప్పుడై నల్లగా కమిలినా అంతే.

మూడో వారానికే తగ్గలేదని స్టెరాయిడ్ వేయించుకోకండి. ఫలితం తేలడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోగా మెడికల్ షాపువాడు ఇచ్చినా, పక్కింటివాళ్లు ఇచ్చినా, ఆ నొప్పి మాత్ర వద్దు.