వాతాగ్రం వెనక మబ్బు దారాలు ఎలా చూడాలి

డిసెంబరులో పొద్దున్నే మా గుణుపురం పొగమంచులో ఉంటుంది. డాబా ఎక్కినా వంశధార అవతలి గట్టు కనబడదు. ఆ టైములో నేను ఫోన్‌లో జపాన్ సముద్రం చూస్తాను. శీతల వాతాగ్రం, అంటే చలిగాలి వెచ్చటి గాలిని తోసుకుంటూ ముందుకొచ్చే అంచు, మన ఆకాశంలో చూపించగలిగేది కాదు, అది బాగా ఉత్తరాన తిరిగే సంగతి. మా అన్నయ్య కూతురికి అలాగే చూపించాను. “ఫొటో మీద గీతలు పడ్డాయేంటి చిన్నాన్నా?” అంది. ఆ గీతలే మనకు కావలసిన మబ్బు దారాలు.

జపాన్ వాతావరణ ఉపగ్రహం హిమావరి బొమ్మలు తెరవండి. పది నిమిషాలకొకటి వస్తుంది. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది, మనకు పగటి వెలుగులో తీసిన బొమ్మ కావాలి, అందుకే మన ఉదయం 6 నుంచి 11 లోపు చూడాలి. ఇన్‌ఫ్రారెడ్ (వేడిని బట్టి తీసే) బొమ్మ వద్దు. అందులో ఎత్తు మబ్బులే మెరుస్తాయి, ఈ తక్కువ ఎత్తు మబ్బులు మసకబారిపోతాయి.

ముందు వాతాగ్రాన్ని పట్టుకోండి: పసిఫిక్ మీద ఏటవాలుగా సాగిన పొడవాటి తెల్ల పట్టీ. ఇప్పుడు దాని వెనక, పడమరకు రండి. రష్యా తీరం పక్కన నీళ్లు మబ్బు లేకుండా నల్లగా ఉంటాయి. అక్కడ కాస్త ఆగండి. సైబీరియా గాలి చలిది, పొడిది. సముద్రం దానికంటే వెచ్చన. కొంత దూరం నీళ్ల మీద సాగాకే ఆ గాలికి తగినంత వేడీ తడీ అందుతాయి. అప్పుడు పైకి లేస్తుంది. ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో వెచ్చటి పొర మూతలా అడ్డుపడితే పక్కకు మళ్లి కిందికి దిగుతుంది. వీచే గాలి ఈ సుడులను పొడుగ్గా సాగదీస్తుంది. చుట్టిన చాపలు పక్కపక్కన ఎదురెదురుగా దొర్లుతున్నట్టు ఊహించుకోండి. గాలి లేచే సందులో మబ్బు, దిగే సందులో ఖాళీ. దారం ఎటు సాగితే గాలి దాదాపు అటే.

వేడి పప్పుచారు వెడల్పు గిన్నెలో కదపకుండా పెట్టి చూడండి. పప్పు గడులు గడులుగా పొంగుతుంది, గడుల మధ్య తేట గీతలు. దారాలు ఇంకా దూరం వెళ్లాక అలాంటి గడులే అవుతాయి, కాకపోతే తిరగబడి: చుట్టూ మబ్బు, మధ్యలో ఖాళీ.

ఒక్కోసారి దారాల నడుమ మందమైన పట్టీ కనిపిస్తుంది. కొరియా ఉత్తరాన పర్వతాలు గాలిని రెండు పాయలు చేస్తాయి, ఇసుక తిన్నె వంశధారను చీల్చినట్టు. ఆ పాయలు మళ్లీ కలిసే చోటు అది. జపాన్‌లో దాని కిందే మంచు దట్టంగా కురుస్తుంది.

వాన వెలిసిన ఎండ రోజుల్లో మా కొండల మీదా చిన్న మబ్బులు బారులు కడతాయి. వాటిని లేపేది నేల వేడి, పొద్దుగూకేసరికి కరిగిపోతాయి. సముద్రం మీదివి రాత్రి కూడా అలాగే ఉంటాయి, నీళ్లు అంత త్వరగా చల్లారవు.