చర్చి ఒక్కటే చూసి తిరిగిపోవద్దు: నెల్లూరు, ఒంగోలు పాత మిషన్ కాంపౌండ్లు ఎలా చూడాలి

నేను ఒంగోల్లో పాత కట్టడాల రిపేర్లు చేసే కాంట్రాక్టర్ని. పెంకుటిళ్లు, ఎయిడెడ్ స్కూళ్ల కప్పులు, అప్పుడప్పుడు చర్చి గోడలు. మా ఇంట్లో చెన్నకేశవస్వామికి మొక్కుతాం. చర్చీలతో నాకున్నది సున్నం, పెంకు, టేకు దూలాల సంబంధం. అయినా చుట్టాలెవరన్నా వచ్చి "బావా, బ్రిటిష్ టైములో కట్టిన చర్చీలు చూపించు" అంటే తిప్పేది నేనే.

వచ్చేవాళ్లలో చాలామంది గోవా ఫొటోలు చూసి వస్తారు. రంగుటద్దాలు, బంగారు పూత పీఠాలు ఇక్కడా ఉంటాయనుకుంటారు. మన వైపు వచ్చింది ఎక్కువగా అమెరికన్ బాప్టిస్టులు. సాదా గోడలు, పొడుగు హాలు, ముందు ఒక వేదిక, అంతే. పది నిమిషాల్లో చూసేసి "ఇంతేనా" అంటారు. ఇంతే కాదు. వాళ్లు కట్టింది చర్చి ఒక్కటే కాదు గదా. దొరగారి బంగళా, బడి, ఆసుపత్రి, బావి, సమాధుల తోట అన్నీ కలిపి ఒక కాంపౌండు. దాన్ని చుట్టి రావాలంటే పూట పడుతుంది.

ముందు కాస్త చరిత్ర తెలుసుకుని బయల్దేరండి. శామ్యూల్ డే అనే ఆయన 1840లో నెల్లూరు వచ్చి మిషన్ పెట్టాడు. సంఘం ఏర్పడింది 1844లో. ఏళ్లు గడిచినా చేరేవాళ్లు పెద్దగా లేరు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషన్ ఎత్తేద్దామా అన్నంత చర్చ నడిచింది. మ్యాపులో తెలుగు దేశం మీద వాళ్లకున్న చుక్క నెల్లూరు ఒక్కటే. దాని మీద ఎస్.ఎఫ్. స్మిత్ అనే అమెరికన్ పాస్టరు పద్యం రాశాడు, మిషన్ నిలబడింది. నెల్లూరులో చర్చి బోర్డు మీద 'లోన్ స్టార్' అని కనిపిస్తే అదేదో హోటలు పేరనుకోకండి, ఆ ఒంటరి చుక్కే అది.

పాత కాగితాలు వెతికే అలవాటుంటే ఇంకో సంగతి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉంది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అందుకని ఒంగోలు చర్చి ముచ్చట్లు పాత పుస్తకాల్లో నెల్లూరు కింద వెతకాలి.

ఇక ఎప్పుడు రావాలి. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. డిసెంబరు చివర్లో వస్తే సీరియల్ లైట్లు, పందిళ్ల వెనక గోడ కనపడదు. నవంబరులో తుపాన్ల భయం. ఉలవపాడు మామిడికాయల కోసం మేలో వచ్చేవాళ్లుంటారు, వాళ్లు చర్చి పని పొద్దున తొమ్మిదిలోపు ముగించుకుంటే మేలు. సమాధుల తోట చూడాలంటే నవంబరు 2 దాటాక వారం లోపల రండి. ఆ రోజు సమాధుల పండగ, దానికోసం గడ్డి కోయించి, సమాధులకు సున్నం కొట్టిస్తారు. మిగతా రోజుల్లో మోకాలెత్తు గడ్డి. బూట్లు వేసుకోండి, రక్తపింజరి కాలికింద పడేదాకా కనపడదు.

వారంలో అన్నిటికన్నా మంచిది శనివారం సాయంత్రం. రేపటి ఆరాధన కోసం తలుపులన్నీ తీసి, ఊడ్చి, కుర్చీలు తుడుస్తుంటారు. తాళం ఎవరి దగ్గరుందని తిరగక్కర్లేదు. ఆదివారం పొద్దున చూడటానికి రాకండి. వస్తే చివరి వరసలో కూర్చుని మొత్తం విని వెళ్లండి, మధ్యలో లేచి గోడలు చూడటం బాగుండదు.

లోపలికి వెళ్లేముందు మనిషిని పలకరించాలి. వాచ్‌మన్ ఉంటే వాచ్‌మన్, లేకపోతే పాస్టరుగారి ఇల్లు పక్కనే ఉంటుంది. "వందనాలండి, పాత చర్చి చూద్దామని వచ్చాం" అంటే చాలు. కాథలిక్ చర్చిలో అయితే ఫాదర్‌గారు. ఈ పలకరింపు మర్యాదకే కాదు, అవసరం కూడా. మిషన్ స్థలాల మీద చాలాచోట్ల గొడవలున్నాయి, కోర్టు కేసులున్నాయి. ఎవరో వచ్చి ప్రహరీ గోడ వెంట నడుస్తూ ఫొటోలు తీస్తుంటే రియల్ ఎస్టేట్ మనిషనే అనుకుంటారు. నా జేబులో ఎప్పుడూ టేపు ఉంటుంది కాబట్టి ఒకచోట ఒక ముసలాయన కర్ర పట్టుకుని వెనకే నడిచాడు, "ఏం సార్, కొలతలకొచ్చారా?" అంటూ. పెంకు మీద ముద్ర చూపించమని అడిగాక కర్ర పక్కన పెట్టి ఆయనే నిచ్చెన తెచ్చాడు.

చెప్పులు గుమ్మం దగ్గర చూసుకోండి. బయట జతలు కనిపిస్తే మీరూ విడవండి. ఆడవాళ్లు ప్రార్థన జరుగుతుంటే చెంగు తల మీద వేసుకుంటారు, మీరూ వేసుకుంటే సంతోషిస్తారు. పాత సంఘాల్లో ఆడవాళ్లొకవైపు, మగవాళ్లొకవైపు కూర్చుంటారు. ప్రార్థన చేసేవాళ్ల మొహాల ఫొటోలు, హాస్టలు పిల్లల ఫొటోలు వద్దే వద్దు.

ఏ శాఖ చర్చిలో ఉన్నారో తెలిస్తే ఏం చూడాలో తెలుస్తుంది. బాప్టిస్టు చర్చిలో మనిషి మొత్తం మునిగే బాప్తిస్మం ఇస్తారు, కాబట్టి తొట్టి ఎక్కడుందో అడగండి. కొన్నిచోట్ల వేదిక మీద చెక్కలు ఎత్తితే కింద మెట్లతో సహా ఉంటుంది, కొన్నిచోట్ల బయట ఆవరణలో ఉంటుంది. తొట్టి లేకపోతే వాగుకో చెరువుకో వెళ్తారు. కాథలిక్ చర్చిలో పీఠం, దివ్యమందసం (ఆరాధనలో పంచే రొట్టె దాచే పెట్టె), గుమ్మం దగ్గర పవిత్ర జలం ఉంటాయి. పీఠం ఉన్న మెట్లు ఎక్కకండి. నెల్లూరు మేత్రాసనం, అంటే బిషప్ పరిధి, 1928లో ఏర్పడింది, సంతపేటలోని సెయింట్ జోసఫ్ కేథడ్రల్ దానిది. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు 1865 నుంచి జర్మనీ హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు పనిచేశారు. అక్కడ పసిపిల్లలకే బాప్తిస్మం కాబట్టి తొట్టి ఉండదు, చిన్న గిన్నెలాంటి పాత్ర పీట మీద ఉంటుంది. సత్ప్రసాదం ఇచ్చేటప్పుడు, బల్ల ఆరాధనలో రొట్టె అందించేటప్పుడు లైనులో నిలబడకండి. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే అది. కూర్చున్నందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు నా వృత్తి మాటలు. చర్చి ఎంత పాతదో గేటు మీద సంవత్సరం చూసి చెప్పొద్దు. గేటు మీద రాసేది సంఘం పుట్టిన ఏడాది. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైంది. ఎనిమిది మందికి ఆ రోజునే పెద్ద చర్చి ఎవరు కడతారు? కట్టడం తేదీ కావాలంటే గోడ మొదట్లో, ముందు గుమ్మానికి అటో ఇటో, శంకుస్థాపన రాయి ఉందేమో చూడండి. చాలాచోట్ల రంగుల కింద పూడుకుపోయి ఉంటుంది. ఫోను టార్చి రాయికి ఎదురుగా కాకుండా పక్కనుంచి పట్టండి, చెక్కిన అక్షరాల నీడలు లేస్తాయి. సమాధి రాళ్లకూ ఇదే ఉపాయం. సుద్దముక్క రుద్దడం, యాసిడ్ పోయడం చేస్తే రాయి పాడైపోతుంది.

తరవాత తలెత్తి కప్పు చూడండి. ఫాల్స్ సీలింగ్ వేయని చోట మంగళూరు పెంకుల అడుగు కనిపిస్తుంది, అచ్చు గుద్దిన కంపెనీ పేరు చదవొచ్చు. ఫోను కెమెరా జూమ్ చేస్తే చాలు. 'బాసెల్ మిషన్, 1865' అని కనిపిస్తే ఎగిరి గంతేయకండి. అది మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. ఆ అచ్చుతో ఎన్నో ఏళ్లు పెంకులు పోశారు. దాన్ని పట్టుకుని 1865 నాటి చర్చి అని తేల్చేసినవాళ్లను నేను చూశాను.

గోడ దగ్గర ఆగి అరచెయ్యి ఆనించండి. గానుగ సున్నం పూత అయితే మధ్యాహ్నం కూడా చల్లగా, నున్నగా ఉంటుంది. వేలితో తడితే గట్టి చప్పుడు. అక్కడే మోకాలెత్తు దాకా గోడ పొడి పొడిగా రాలుతూ, తెల్లటి ఉప్పు పొంగు కనిపిస్తే, ఎవరో ఈమధ్య సిమెంటు పూశారన్నమాట. పాత ఇటుక, సున్నం నేలలోని తడిని పీల్చి గాలికి వదిలేస్తాయి. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. తడి లోపలే తిరిగి, ఉప్పు పేరుకుని, ఇటుకనే తినేస్తుంది. సముద్రం పక్క ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఒక సంఘంలో సున్నంతోనే చేయిద్దాం అని మొత్తుకున్నాను. శతాబ్ది వేడుకలకు నెల టైముంది, సిమెంటు కొట్టెయ్యమన్నారు. రెండు వానాకాలాల్లో రంగు పొరలు పొరలుగా లేచింది. తప్పు పట్టలేం, సున్నం ఆడించే గానుగలూ లేవు, పూసే చేతులూ తగ్గిపోయాయి. కింద కడప బండలు పరిచారా, కొత్త టైల్స్ వేశారా అన్నది కూడా చూడండి. బండలైతే గుమ్మం దగ్గర అరిగి గుంట పడి ఉంటుంది.

ఒంగోలు ఒక్కరోజులో చూసేవాళ్లకు నా వరస ఇది. తెల్లవారుజామున ప్రేయర్ మీటింగ్ హిల్ ఎక్కండి. 1854 జనవరి 1 తెల్లవారి నెల్లూరు మిషనరీ లైమన్ జ్యువెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు (అది మనిషి పేరే), జూలియా, రూత్ అనే మరో ముగ్గురు, మొత్తం ఐదుగురు ఇక్కడ ప్రార్థన చేశారు. జ్యువెట్ కింద నాగజెముడు కమ్ముకున్న మెరక చూపించి, మన బంగళాకు ఆ చోటు బాగుండదూ అని జూలియాతో అన్నాడట. మీరూ పైనుంచి చూడండి. ఇళ్ల మధ్య చెట్లు గుబురుగా ఉన్న జాగా మిషన్ కాంపౌండు. ముందు కొండ, తరవాత కాంపౌండు అనడం అందుకే. కింద నడిచేటప్పుడు ఏది ఎక్కడుందో తెలుస్తుంది.

దిగాక జ్యువెట్ పేరుతో ఉన్న బాప్టిస్టు చర్చి, క్లౌ పేరుతో ఉన్న ఆసుపత్రి చూడండి. జాన్ క్లౌ అనే మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. అదే ఏడాది తాళ్లకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం తీసుకున్నారు. మాదిగ కులం ఆయనది, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు, ఆ పరిచయాల మీదుగానే పల్లె పల్లెకూ ఈ మాట వెళ్లింది. అందుకే ఈ జిల్లాలో అసలు పాత సంఘాలు టౌన్లో కంటే పల్లెల్లోనే ఎక్కువ. అక్కడికి వెళ్తే కులం అడగొద్దు. మీ తాతగారు ఏ సంవత్సరం, ఎవరి చేతి మీదుగా బాప్తిస్మం తీసుకున్నారని అడగండి. కుర్చీ వేసి, టీ పెట్టించి చెప్తారు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక కొత్తపట్నం రోడ్డులో బకింగ్‌హామ్ కాలవ దాకా వెళ్లండి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. కాలవ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇచ్చాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో సర్వే పని చేశాడు, ఆ కొలతల అనుభవం ఇక్కడ పనికొచ్చింది. తిండి కోసం చేరారన్న మాట పడకూడదని కరువున్నన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. ఇప్పుడక్కడ తుంగ, గుర్రపుడెక్క తప్ప ఏమీ కనపడదు, బోర్డు కూడా లేదు. అయినా చూడాలి, తోటి కాంట్రాక్టరు పని గదా.

సాయంత్రానికి వెల్లంపల్లి. హైవే మీద గుంటూరు వైపు, మద్దిపాడు మండలంలో, గుండ్లకమ్మ ఒడ్డున. 1878 జులై 3న ఇక్కడ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్లలో నిలబడ్డది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున, అలిసిపోతే మారుతూ. మల్లవరం దగ్గర రిజర్వాయరు కట్టాక ఏట్లో నీళ్లు వదిలినప్పుడే ఉంటాయి. అది చూసి నిరాశపడేవాళ్లు ముందే ఫోన్ చేసి ఎవరినన్నా కనుక్కోండి.

రెండో రోజుంటే రామాయపట్నం. హైవే మీద టెట్టు దగ్గర సముద్రం వైపు తిరగాలి. 1870 ప్రాంతంలో మిషన్ అక్కడ అడుగుపెట్టింది, తరవాత బోధకులను తయారుచేసే సెమినరీ పెట్టారు. అది చదువుకునే చోటు, పార్కు కాదు. క్లాసుల టైములో వెళ్తే ఆఫీసులో అడిగి, ఎంతవరకు తిరగమంటే అంతవరకే తిరగండి. పోర్టు పనుల టిప్పర్లు ఆ రోడ్డు మీద ఆగకుండా తిరుగుతుంటాయి, బైకు మీద వెళ్లేవాళ్లు జాగ్రత్త. భోజనం హైవే మీదే చేసి వెళ్లండి. వచ్చేటప్పుడు కానుక పెట్టెలో మీకు తోచింది వేయండి. తలుపు తీసి చూపించిన మనిషికి మాత్రం టీ డబ్బులు విడిగా చేతిలో పెట్టండి, పెట్టెలో వేసింది ఆయనకు రాదు.