ట్రైనీ ఆడిటర్‌గా పని ఎలా మొదలుపెట్టాలి?

అకౌంటింగ్ ఫర్మ్‌లో ట్రైనీగా చేరడానికి ముందుగా రావలసినవి కొద్దే. డెబిట్, క్రెడిట్ ఎంట్రీలను తడుముకోకుండా రాయగలగాలి, బ్యాంకు రీకన్సిలియేషన్‌ను (పుస్తకాల్లోని నిల్వకు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని నిల్వకు మధ్య తేడాలను వివరించే పట్టికను) ఎవరి సాయం లేకుండా తయారు చేయగలగాలి, ఎక్సెల్‌లో ఫిల్టర్, లుకప్, పివట్ టేబుల్ వాడగలగాలి. దరఖాస్తు ఒక పేజీ దాటకూడదు. ఇంటర్వ్యూలో తెలియని ప్రశ్న ఎదురైతే తెలియదనే చెప్పాలి, ఎందుకంటే ఊహించి జవాబు చెప్పే అలవాటు ఈ వృత్తికి సరిపడదు.

చేరగానే స్వతంత్రతకు సంబంధించిన ప్రకటన నింపమంటారు. ఫర్మ్ ఆడిట్ చేసే కంపెనీలలో మీకు గానీ మీ కుటుంబ సభ్యులకు గానీ షేర్లు, అప్పులు, ఉద్యోగాలు ఉంటే అన్నీ రాయాలి. క్లయింట్ సంగతులు ఇంట్లో సైతం మాట్లాడకూడదు.

క్లయింట్ కార్యాలయానికి వెళ్లే ముందు గత ఏడాది ఫైలును మొదటి నుంచి చివరి వరకు చదవాలి. చదివిన తరువాత దానిని మూసివేసి, మీ వర్కింగ్ పేపర్‌ను, అంటే చేసిన పరీక్షలను, దొరికిన ఆధారాలను నమోదు చేసే కాగితాన్ని, ఖాళీ పేజీ మీద మొదలుపెట్టాలి. పాత పేపర్‌ను కాపీ చేసి తేదీలు, అంకెలు మార్చే పద్ధతి చాలాచోట్ల ఉంది. దానివల్ల సమయం కలిసొస్తుందని అంటారు గానీ, గత ఏడాది ట్రైనీ వదిలేసిన ప్రశ్నను ఈ ఏడాది ట్రైనీ కూడా వదిలేయడానికి అంతకన్నా సులువైన మార్గం లేదు. ఖాళీ పేజీతో మొదలుపెట్టినవారు ఈ పరీక్ష ఎందుకు చేస్తున్నామని ఒక్కసారైనా ఆలోచించక తప్పదు.

ఆ ఆలోచన అన్నిటికన్నా ఎక్కువగా అవసరమయ్యేది వోచింగ్‌లో, అంటే పద్దులను వాటి మూల పత్రాలతో సరిచూడటంలో. ట్రైనీకి మొదట అప్పగించే పని ఇదే, ఎక్కువగా చెడేదీ ఇదే. లెడ్జర్ (ఖాతా పుస్తకం) నుంచి 25 పద్దులు ఎంపిక చేసి, ఇన్వాయిస్‌లు తెప్పించి, మొత్తాలు సరిపోయాయని టిక్ పెట్టడమే వోచింగ్ అనుకుంటారు. కానీ ముందుగా తేల్చుకోవలసింది దిశ, అంటే లెడ్జర్ నుంచి పత్రాలకు వెళ్లాలా, పత్రాల నుంచి లెడ్జర్‌కు రావాలా అన్నది. జరగని అమ్మకాలను జరిగినట్లు రాశారేమోనన్నది అనుమానమైతే లెడ్జర్‌లోని పద్దుతో మొదలుపెట్టి ఇన్వాయిస్‌కు, సరుకు పంపిన పత్రానికి, కొనుగోలుదారు ఆర్డరుకు వెళ్లాలి. చెల్లించవలసిన బాకీలను రాయకుండా వదిలేశారేమోనన్నది అనుమానమైతే లెడ్జర్‌తో మొదలుపెట్టి ప్రయోజనం లేదు, వదిలేసిన పద్దు అందులో ఉండదు కదా. అప్పుడు సంవత్సరం ముగిసిన తరువాత చేసిన చెల్లింపులు, సరఫరాదారుల స్టేట్‌మెంట్లు చూసి, వాటిలో పాత సంవత్సరానికి చెందినవి లెడ్జర్‌లోకి ఎక్కాయో లేదో వెతకాలి. దిశ తప్పినప్పుడు ప్రతి టిక్కూ నిజమే అయినా అనుమానానికి మాత్రం జవాబు దొరకదు. ఈ తప్పును రివ్యూలో పట్టుకోవడం కష్టం, ఎందుకంటే పేపర్ చూడటానికి నిండుగానే కనిపిస్తుంది. అందుకే పేపర్ పైన మొదటి వాక్యంగా "ఈ పరీక్ష ఏ అనుమానాన్ని తీర్చడానికి" అన్నది రాయకుండా ఒక్క ఇన్వాయిస్ కూడా అడగకూడదు.

సరుకు నిల్వల లెక్కింపుకు వెళ్లినప్పుడు రెండు దిశలూ కావాలి. జాబితాలో ఉన్నది గోదాములో ఉందా అని కొన్నింటిని, గోదాములో ఉన్నది జాబితాలోకి ఎక్కిందా అని మరికొన్నింటిని చూడాలి. 1938లో అమెరికాలో మెకెసన్ అండ్ రాబిన్స్ కంపెనీ అసలు లేని సరుకును తన లెక్కల్లో ఉన్నట్లు చూపిన సంగతి బయటపడిన తరువాతే, ఆడిటర్లు స్వయంగా వెళ్లి లెక్కింపును పరిశీలించాలన్న నియమం అక్కడ స్థిరపడింది.

రెండో జాగ్రత్త, ఆధారం ఎవరి చేతి నుంచి వచ్చిందన్నది. క్లయింట్ ఉద్యోగి నోటితో ఇచ్చే వివరణ మీరు ఎటువైపు వెతకాలో చెబుతుంది, అంతవరకే దాని విలువ. "ఈ తేడా వచ్చే నెలలో సర్దుబాటవుతుంది" అని చెప్పినప్పుడు, ఆ మాటను పేపర్‌లో రాసి టిక్ పెట్టకుండా, సర్దుబాటు జరిగిన ఎంట్రీని, దానికి మూలమైన పత్రాన్ని చూసిన తరువాతనే టిక్ పెట్టాలి. బ్యాంకు బ్యాలెన్స్ ధ్రువీకరణ విషయంలో మరింత కఠినంగా ఉండాలి. బ్యాలెన్స్ ఎంత ఉందో చెప్పమని బ్యాంకును అడిగే లేఖను ఆడిటరే పంపాలి, చిరునామాను ఆడిటరే సరిచూడాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. క్లయింట్ అకౌంటెంట్ ఎంత మర్యాదగా "మేమే తెప్పించి ఇస్తాం" అన్నా ఒప్పుకోకూడదు. 2003లో ఇటలీకి చెందిన పాల ఉత్పత్తుల కంపెనీ పార్మలాట్ కుప్పకూలినప్పుడు, దాని అనుబంధ సంస్థకు బ్యాంక్ ఆఫ్ అమెరికాలో దాదాపు 395 కోట్ల యూరోలు ఉన్నట్లు చూపిన ధ్రువీకరణ పత్రం నకిలీదని తేలింది. కాగితం ఉన్నంత మాత్రాన అది ఆధారం కాదనడానికి ట్రైనీలకు నేను ముందుగా చెప్పే ఉదాహరణ ఇదే.

ఇక రాయడం. ఈ ఆడిట్‌తో ఏ సంబంధమూ లేని అనుభవజ్ఞుడైన ఆడిటర్ ఫైలు తెరిచినా, ఏం చేశారో, ఏం దొరికిందో, ఏ నిర్ణయానికి వచ్చారో అర్థం కావాలన్నది అంతర్జాతీయ ఆడిటింగ్ ప్రమాణం 230 కోరేది. కాబట్టి ఇన్వాయిస్ చూశానని రాస్తే సరిపోదు. దాని నంబరు, తేదీ, శాంపిల్‌ను ఎలా ఎంపిక చేశారన్నది, సరిపోనివి ఏవన్నది అన్నీ ఉండాలి. ఒక పద్దు పూర్తిగా రాసిన తరువాతే రెండో పద్దు ముట్టుకోవాలి. అన్నీ చూసి సాయంత్రం ఒకేసారి రాసేవారి పేపర్లలో జ్ఞాపకమే ఆధారంగా మారుతుంది. సరిపోని పద్దు బదులు సరిపోయే మరో పద్దును శాంపిల్‌లో పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అది పొరపాటు కాదు, మోసం.

ప్రశ్నలను రోజుకు రెండు విడతలుగా, రాసుకుని అడగాలి. మాటిమాటికీ లేచి వెళ్తే క్లయింట్ ఉద్యోగులు విసిగిపోయి పొడిపొడిగా జవాబిస్తారు.

సీనియర్ ఇచ్చే రివ్యూ నోట్స్‌కు "సరిచేశాను" అని ఒక్క మాట రాసి ముగించకుండా, ఏ పేజీలో ఏం మార్చారో రాయాలి. ఆడిట్ నివేదిక తేదీ తరువాత ఫైలును సర్ది మూసివేయడానికి సాధారణంగా 60 రోజులకు మించని గడువు ఉంటుంది. ఆ గడువు కొత్త పరీక్షలు చేయడానికి గానీ కొత్త నిర్ణయాలకు గానీ కాదు. అందువల్ల జవాబు రాని ప్రశ్న ఏదైనా మీ దగ్గర మిగిలి ఉంటే, నివేదిక మీద సంతకం కాకముందే సీనియర్‌కు రాతపూర్వకంగా అందజేయాలి.