నెట్ వాళ్ల మోడెం వెనక గేమింగ్ రౌటర్: అన్నీ చేసినా నాట్ స్ట్రిక్ట్ పోవడం లేదా?

ఇంట్లోని మెషిన్లన్నీ ఒకే ఇంటర్నెట్ అడ్రస్ (ఐపీ) వాడుకునేలా రౌటర్ చేసే పనే నాట్. అది స్ట్రిక్ట్ అని గేమ్ చూపిస్తే బయటి ఆటగాళ్లు మీ మెషిన్‌తో నేరుగా కలవడం కష్టం. ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ఒక్క అడ్రస్ చూడండి. మీ రౌటర్ పేజీలోకి లాగిన్ అయితే స్టేటస్ దగ్గర వ్యాన్ ఐపీ, అంటే బయటి వైపు అడ్రస్, ఉంటుంది. దాన్ని రాసుకోండి. తర్వాత గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికి, వచ్చింది దాని కిందే రాసుకోండి. (కోలన్లతో పొడుగ్గా ఏదైనా వస్తే అది ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రస్, దాంతో పోల్చకండి.) రెండూ ఒకటే అయితే మీ రౌటర్ నేరుగా ఇంటర్నెట్‌లోనే ఉంది. తేడా వస్తే తంటా గేమ్‌లోనో కన్సోల్‌లోనో కాదు, మీ రౌటర్‌కి అవతల ఉంది. నిమిషం పట్టని ఈ పని చేయకుండా జనం ఫ్యాక్టరీ రీసెట్ కొడతారు, ఫర్మ్‌వేర్ మారుస్తారు, ఆఖరికి బంగారంలాంటి రౌటర్‌ని రిటర్న్ పెట్టేస్తారు.

ఇంకోటి. వాలరెంట్, బీజీఎంఐ లాంటివి కంపెనీ సర్వర్ల మీద నడుస్తాయి కాబట్టి వాటికి నాట్ రకంతో పెద్దగా పనిలేదు. ఆటగాళ్ల మెషిన్లు ఒకదానితో ఒకటి నేరుగా కలిసే జీటీఏ ఆన్‌లైన్, ఎక్స్‌బాక్స్ పార్టీ చాట్, ఇంట్లో పెట్టుకున్న మైన్‌క్రాఫ్ట్ సర్వర్, ఇలాంటి వాటిలోనే ఇబ్బంది బయటపడుతుంది. మీరు ఆడేది వాలరెంట్ ఒక్కటే అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు.

కొత్త రౌటర్ పెట్టగానే నెట్ మొత్తానికే రాదు

మోడెం నుంచి వచ్చే కేబుల్ వ్యాన్ పోర్టులోనే ఉందా? చాలా రౌటర్లలో ఆ పోర్టు రంగు వేరుగా ఉంటుంది. అది సరిగ్గానే ఉంటే రెండు పెట్టెలకీ ఒకటే అడ్రస్, అంటే 192.168.1.1, పడిందేమో చూడండి. మీ రౌటర్ ల్యాన్ ఐపీని (ఇంటి లోపలి వైపు అడ్రస్) 192.168.50.1 చేసి రెండూ రీస్టార్ట్ చేస్తే పని అయిపోతుంది.

నెట్ బాగానే ఉంది, నాట్ మాత్రం స్ట్రిక్ట్

మీ వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే ఇది డబుల్ నాట్. మోడెం కూడా రౌటర్ పని చేస్తోంది, మీదీ చేస్తోంది. గేమ్ అడగ్గానే పోర్టులు (బయటి కనెక్షన్లు వచ్చే దారులు) తెరిచే యూపీఎన్‌పీ ఆన్‌లోనే ఉంటుంది కానీ దాని టేబుల్ ఖాళీగా ఉంటుంది. వ్యాన్ వైపు ప్రైవేట్ ఐపీ కనిపిస్తే పోర్టులు తెరవడానికే ఒప్పుకోని రౌటర్లు చాలా ఉన్నాయి.

దీనికి మంచి మందు బ్రిడ్జ్ మోడ్, అంటే మోడెం రౌటర్ పని మానేసి లైన్‌ని నేరుగా మీ రౌటర్‌కి ఇచ్చేయడం. నెట్ వాళ్లకు ఫోన్ చేసి మోడెంని బ్రిడ్జ్‌లో పెట్టమనండి. నెట్‌కి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, రౌటర్‌లో ఇవ్వాల్సిన వీల్యాన్ ఐడీ అనే నంబరు ముందే అడిగి తీసుకోండి. మోడెంలో ఉన్న పాత వ్యాన్ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ మోడెంకే ల్యాండ్‌లైన్ ఫోన్ ఉంటే అది ఆగిపోవచ్చు, ఇంట్లో పెద్దవాళ్లకు ఓ మాట చెప్పండి. బ్రిడ్జ్ కుదరదని వాళ్లంటే మోడెంలో డీఎంజెడ్ (బయటి నుంచి వచ్చేదంతా ఒకే పరికరానికి పంపే సెట్టింగ్) ఆన్ చేసి మీ రౌటర్ ఐపీ ఇవ్వండి. మీ రౌటర్‌నే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రం ఇచ్చేలా) పెడితే డబుల్ నాట్ పోతుంది గానీ, చాలా మోడళ్లలో క్యూఓఎస్ (గేమ్ డేటాకి ముందు దారి ఇచ్చేది) లాంటి గేమింగ్ హంగులన్నీ దాంతోపాటే పోతాయి. డబ్బులు పోసింది వాటికే కదా.

డీఎంజెడ్, బ్రిడ్జ్ అన్నీ అయ్యాయి, ఇంకా స్ట్రిక్టే

అందరినీ ముప్పుతిప్పలు పెట్టేది ఇదే. స్పీడ్ టెస్ట్‌లో ప్లాన్ స్పీడ్ మొత్తం వస్తుంది, సినిమాలు ఆగకుండా నడుస్తాయి, వాలరెంట్ పింగ్ బాగుంటుంది. ఫ్రెండ్ పార్టీకి పిలిస్తే మాత్రం కనెక్ట్ కాదు, లేదా ఒకడి గొంతు మాత్రమే వినబడదు. దాంతో అనుమానమంతా కొత్త రౌటర్ మీదకే పోతుంది.

బ్రిడ్జ్ చేశాక వ్యాన్ ఐపీ చూస్తే 100.72.18.5 లాంటిది కనిపిస్తుంది. 192 కాదు, 10 కూడా కాదు, కాబట్టి పబ్లిక్ ఐపీయే వచ్చిందనుకుని పోర్ట్ ఫార్వర్డింగ్‌తో (బయటి కనెక్షన్‌ని ఇంట్లో ఒక మెషిన్‌కి మళ్లించే సెట్టింగ్) కుస్తీ మొదలుపెడతారు. మొదటి చుక్క తర్వాతి సంఖ్య చూడండి. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులన్నీ నెట్ కంపెనీల లోపలి వాడకానికని 2012లోనే పక్కన పెట్టారు. ఆ మధ్యలో ఏది కనిపించినా అది సీజీనాట్. అంటే వాళ్ల ఆఫీసులో ఉన్న ఒక పెద్ద నాట్ వెనక మీతోపాటు ఎంతోమంది ఒకే పబ్లిక్ ఐపీని పంచుకుంటున్నారు. మీ ఇంటి తలుపు బార్లా తీసినా వీధి గేటు తాళం వాళ్ల దగ్గరుంది. కొందరు 100 బదులు 10తో మొదలయ్యేవి ఇస్తారు, కథ అదే.

డీఎంజెడ్ పెట్టినవాళ్లకి ఇది ఇంకా లోతుగా దాక్కుంటుంది. మీ రౌటర్‌లో 192.168.1.2 కనిపిస్తుంది కాబట్టి అడ్డం మోడెం ఒక్కటే అనిపిస్తుంది. మోడెం పేజీలోకి వెళ్లి దాని వ్యాన్ ఐపీ కూడా చూడాలి. ఇది చూసేవాళ్లు బహు తక్కువ.

తప్పు ఎవరిదీ అని అడిగితే ఐపీవీ4 (చుక్కలతో ఉండే పాత రకం అడ్రసులు) కరువుది. మన ప్రాంతానికి ఐపీలు పంచే ఏపీనిక్ 2011 ఏప్రిల్‌లోనే చివరి నిల్వకు చేరింది. ఆ తర్వాత వచ్చిన కంపెనీలకు పెద్దగా వేరే దారి లేదు.

ఏం చేయాలంటే, ముందు పబ్లిక్ ఐపీ అడగండి. కస్టమర్ కేర్‌కి "గేమ్ సరిగ్గా రావట్లేదు" అని చెబితే "సార్, ఒకసారి మోడెం ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనే జవాబే వస్తుంది. "నేను సీజీనాట్‌లో ఉన్నాను, పబ్లిక్ ఐపీవీ4 కావాలి, చార్జ్ ఎంత?" అని సూటిగా అడగండి. కొందరు నెలకి కొంత తీసుకుని స్టాటిక్ (మారని) ఐపీ ఇస్తారు, కొందరు బిజినెస్ ప్లాన్‌లోనే అంటారు. ఇచ్చామన్నాక పీపీపీఓఈ డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ చేయండి, లేకపోతే పాత ఐపీయే కూర్చుని ఉంటుంది. మళ్లీ రెండు అడ్రసులు పోల్చండి.

కుదరదని వాళ్లంటే రౌటర్‌లో ఐపీవీ6 ఆన్ చేయండి. ఎక్స్‌బాక్స్ దాన్ని చక్కగా వాడుకుంటుంది, అవతలివాళ్లకీ ఉంటే ఈ గొడవే ఉండదు. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ కోసమే అయితే అందరినీ ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే టెయిల్‌స్కేల్ లాంటిది అందరి మెషిన్లలో వేసుకోండి. సీజీనాట్ ఉన్నంతకాలం రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు రాసినా దండగే.

నిన్నటిదాకా ఓపెన్, కరెంటు పోయి వచ్చాక స్ట్రిక్ట్

మోడెం ఈసారి మీ రౌటర్‌కి వేరే ఐపీ ఇచ్చింది, డీఎంజెడ్ ఇంకా పాత ఐపీనే చూస్తోంది. మోడెం డీహెచ్‌సీపీలో (ఐపీలు పంచే సెట్టింగ్) మీ రౌటర్ మ్యాక్ అడ్రస్‌కి (ఆ పరికరం సొంత గుర్తింపు నంబరు) ఒకే ఐపీ రిజర్వ్ చేయండి. డీఎంజెడ్ సెట్టింగే మాయమైతే నెట్ వాళ్లు దూరం నుంచి మోడెంకి తమ పాత కాన్ఫిగరేషన్ మళ్లీ పంపి ఉంటారు. వాళ్ల చేతే బ్రిడ్జ్ పెట్టించుకోవడం మేలు.

మిగతావి

300 ఎంబీపీఎస్ ప్లాన్‌లో స్పీడ్ 94 దగ్గరే ఆగితే కేబుల్ మార్చండి, ఒక జత తీగ పోయి ఉంటుంది. ఇంట్లో ఎవరో వీడియో అప్‌లోడ్ చేస్తున్నప్పుడే పింగ్ ఎగిరితే అది నాట్ గొడవ కాదు. క్యూఓఎస్‌లో అసలు స్పీడ్‌కి 90 శాతం దగ్గర లిమిట్ పెట్టండి. మ్యాక్ బైండింగ్ (ఒకే పరికరం మ్యాక్‌కి నెట్ ఇవ్వడం) ఉన్న లోకల్ కేబుల్ వాళ్లయితే పాత పరికరం మ్యాక్‌ని కొత్త రౌటర్‌లో క్లోన్ చేస్తే సరి. ఎంటీయూ (డేటా ప్యాకెట్ సైజు హద్దు) తేడా, పాడైన పోర్టు లాంటివి చాలా అరుదు, ఆ రెండు ఐపీలూ చూశాకే వాటి జోలికి వెళ్లండి.